క్యూసీ జాబ్‌కి ఏడాదికి 5.4 లక్షలు ఆఫర్ చేశారు, ఇంకా అడగొచ్చా? అడిగితే మొత్తానికే పోతుందా?

తెల్లకోటు_2021:
అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి జీడిమెట్ల వైపు ఒక ఫార్ములేషన్ (మాత్రల్లాంటి మందులు తయారుచేసే) కంపెనీలో క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో చేస్తున్నా. నాలుగేళ్ళ రెండు నెలలైంది, చేరిన దగ్గర్నుంచీ ఇదే కంపెనీ. ఇప్పుడు సీటీసీ (కంపెనీ ఏడాదికి నా మీద పెట్టే మొత్తం ఖర్చు) 4.2 లక్షలు, చేతికి 30,100 వస్తుంది. మొన్న ఆదివారం పాశమైలారంలో ఒక కంపెనీ వాక్-ఇన్ పెడితే వెళ్ళా, పొద్దున తొమ్మిదికి లైన్‌లో నిలబడితే టెక్నికల్ రౌండ్, ఆ తర్వాత హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) రౌండ్ అయ్యేసరికి సాయంత్రమైంది. టెక్నికల్ బాగానే చెప్పా అనుకుంటున్నా. నిన్న హెచ్ఆర్ ఫోన్ చేసి 5.4 లక్షలు ఇస్తాం, ఉన్నదాని మీద 30 శాతం లోపే ఇవ్వాలని మా పాలసీ, శుక్రవారంలోగా చెప్పండి అన్నారు. నేను కనీసం 6 అనుకున్నా. మా బ్యాచ్ అబ్బాయి ఒకడు అదే కంపెనీలో అదే డిపార్ట్‌మెంట్‌లో 6.2 తీసుకుంటున్నాడు, నా అంతే ఎక్స్‌పీరియెన్స్.

నా డౌట్లు ఏంటంటే, ఇప్పుడు మళ్ళీ ఫోన్ చేసి ఇంకా కావాలంటే ఆఫర్ క్యాన్సిల్ చేస్తారా? ఆ అబ్బాయి జీతం సంగతి చెప్పొచ్చా? ఫామ్‌లో కరెంట్ సీటీసీ నిజమే రాశా, మా రూమ్మేటేమో 5 అని వేసుంటే ఈపాటికి 6.5 ఇచ్చేవాళ్ళు కదే పిచ్చిదానా అని తిడుతోంది. ఇంకోటి, మా దగ్గర నోటీస్ 60 రోజులు, వాళ్ళేమో 30 రోజుల్లో చేరమంటున్నారు. ఇంట్లో అడిగితే నాన్న వచ్చింది తీసుకోమ్మా అంటున్నారు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పటాన్‌చెరు_పోరడు:
అడుగు చెల్లె, ఏం గాదు. నేను గదే ఏరియాల ప్రొడక్షన్‌ల జేస్తున్న, వాక్-ఇన్‌ల ఎంపికైనోళ్ళకు ఫస్టు చెప్పే నంబర్ ఎప్పుడు ఫైనల్ గాదు. కానీ దానికన్న ముందుగాల ఒక పని జెయ్యి, బ్రేకప్, అంటే దేని కింద ఎంతిస్తరో ఆ లిస్టు, పంపమని మెయిల్ వెట్టు. ఉత్త 5.4 అంటే అది బియ్యమా నూకలా ఎట్ల తెల్సుద్ది? కొన్ని కంపెనీలు బస్సు, క్యాంటీన్ గూడ సీటీసీల గలుపుతయ్.

ఒంగోలు_గిత్త:
జాగ్రత్తండీ. అందరూ అడుగు అడుగు అంటారు, పోయాక ఎవరూ రారు. మా రూమ్మేట్‌కి పోయినేడాది ఇలాగే అయింది, రెండుసార్లు బేరమాడాక హెచ్ఆర్ ఫోన్ ఎత్తడం మానేశాడు, వారం తర్వాత పొజిషన్ క్లోజ్ అయిందని మెయిల్. 4.2 నుంచి 5.4 అంటే ఏం తక్కువ? వెళ్ళి చేరి ఏడాది తర్వాత అక్కడే పెంచుకోవచ్చు.

మాజీ_హెచ్ఆర్_వైజాగ్:
పరవాడ ఫార్మా సిటీలో కొన్నేళ్ళు రిక్రూట్‌మెంట్ చూశాను కాబట్టి అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తాను.

గిత్త గారి రూమ్మేట్ సంగతి నాకు తెలీదు గానీ, మర్యాదగా ఒకసారి అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న కేసు నేను చూడలేదు. ఆఫర్ పోయేది ఎక్కడంటే, సరే అని మెయిల్‌లో ఒప్పుకుని, మేము పైన అప్రూవల్ తీసుకుని లెటర్ రెడీ చేశాక, వేరే కంపెనీ వాళ్ళు ఇంకో 40 వేలు ఎక్కువ ఇస్తున్నారు మీరేమంటారు అని మళ్ళీ మొదలెడతారు చూడండి, అక్కడ. ఆ ఫైలు మళ్ళీ హెచ్ఓడీ దగ్గరికి పట్టుకెళ్ళడం మాకూ తలవంపులే. కాబట్టి ఏం అడగాలన్నా ఒప్పుకోకముందే, ఒకేసారి, అన్నీ కలిపి అడగాలి. ఇవాళ జీతం, రేపు బస్సు, ఎల్లుండి నోటీసు అని వాయిదాల మీద అడిగితే విసుగొస్తుంది.

ఆ 30 శాతం పాలసీ నిజమే, కంపెనీకో అంకె ఉంటుంది. కానీ అది హెచ్ఆర్ తన చేతుల మీదుగా ఇవ్వగలిగిన హద్దు. దాన్ని దాటాలంటే హెచ్ఓడీ నాకు ఈ అమ్మాయే కావాలి అని రెండు ముక్కలు రాయాలి. ఆయన రాయాలంటే మీలో ఏదో ఉండాలి. హెచ్‌పీఎల్‌సీ మెషీన్ అందరూ నడుపుతారు, అది చెప్పుకోవాల్సిన విషయం కాదు. ఎంపవర్‌లో (ఆ మెషీన్ సాఫ్ట్‌వేర్) ఆడిట్ ట్రయల్, అంటే ఎవరు ఏం మార్చారో ఆ రికార్డు, రివ్యూ చేశారా, ఓఓఎస్ (రిజల్ట్ హద్దు దాటడం) వచ్చినప్పుడు ఇన్వెస్టిగేషన్ మీరు రాశారా పక్కన నిలబడ్డారా, మెథడ్ ట్రాన్స్‌ఫర్ (టెస్ట్ పద్ధతిని ఒక ల్యాబ్ నుంచి ఇంకో ల్యాబ్‌కి మార్చడం) చేశారా, యూఎస్‌ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఆడిట్‌లో ఇన్‌స్పెక్టర్‌కి మీరే ఎదురుగా కూర్చుని సమాధానం చెప్పారా, ఇవి చెప్పాలి. ఆ కంపెనీకి ఈమధ్య ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్ లాంటిదేమైనా వచ్చిందేమో కూడా చూసుకోండి, ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో వార్నింగ్ లెటర్లు అందరికీ కనపడేలా పెడతారు. వచ్చి ఉంటే క్యూసీలో మనుషులు అర్జెంటు అన్నమాట, మీ మాటకి బరువు. అయితే అలాంటి చోట పని కూడా నడుం విరిగేలా ఉంటుంది, అది మీ ఇష్టం.

బ్యాచ్‌మేట్ జీతం మాత్రం ఎత్తొద్దు. అతను చెప్పాడని తెలిస్తే అతనికి ఇబ్బంది, పైగా హెచ్ఆర్ వెంటనే అతని ప్రొఫైల్ వేరు అనేస్తాడు, అక్కడితో సంభాషణ ఆగిపోతుంది. ఆ అంకెని మీ లోపల పెట్టుకోండి, అక్కడ ఎంతదాకా ఇస్తారో తెలుసుకోవడానికి పనికొచ్చింది చాలు.

కరెంట్ సీటీసీ నిజం రాయడం నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. మూడు నెలల పేస్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఫామ్ 16 అడుగుతారు, యూఏఎన్ (పీఎఫ్ నంబర్) సర్వీస్ హిస్టరీ చూస్తారు. చేరాక బయటపడినా తీసేస్తారు. రూమ్మేట్ మాట వినకండి.

తెల్లకోటు_2021:
థాంక్యూ సార్, థాంక్స్ అన్నా. ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్లు నేనే రాస్తా, ఎఫ్‌డీఏ ఆడిట్‌లో డిసొల్యూషన్ సెక్షన్ ప్రశ్నలకి నేనే చెప్పా, ఇంటర్వ్యూలో ఇది అడగలేదు కాబట్టి చెప్పలేదు :(

బ్రేకప్ అడిగితే గంటలో పంపారు. నెలకి ఇలా ఉంది: బేసిక్ 22,500, హెచ్ఆర్ఏ 9,000, స్పెషల్ అలవెన్స్ 4,118, ఎంప్లాయర్ పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ 1,082, వేరియబుల్ పే 4,500 (ఏడాదికోసారి ఇస్తారట), మెడికల్ ఇన్సూరెన్స్ 500, ట్రాన్స్‌పోర్ట్ అండ్ క్యాంటీన్ 1,500. మొత్తం 45,000. ఇందులో చేతికి ఎంత వస్తుందో ఎవరైనా చెప్తారా, నాకు లెక్క తేలట్లేదు.

పేరోల్_సుబ్బులు:
అమ్మాయ్, నేను ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులో కంపెనీల పేరోల్ చేస్తాను, రోజూ ఇదే పని. కూర్చుని చూడు.

నీ అకౌంట్‌లో పడే అవకాశం ఉన్నవి మొదటి మూడే. బేసిక్, హెచ్ఆర్ఏ, స్పెషల్ అలవెన్స్ కలిపితే 35,618. అందులోంచి నీ వాటా పీఎఫ్ 1,800 పోతుంది (15,000 సీలింగ్ మీద 12 శాతం వేస్తున్నారు), ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ నీకు లేదు, కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా రిబేట్ ఉంది, జీతగాళ్ళకి పైన ఇంకో 75,000 స్టాండర్డ్ డిడక్షన్, నువ్వు ఆ దరిదాపుల్లో లేవు. మిగిలేది 33,618.

ఇప్పుడు నీకొచ్చేది 30,100. అంటే సీటీసీ చూస్తే దాదాపు 28.5 శాతం పెరిగింది, చేతికొచ్చేది చూస్తే 3,518 పెరిగింది, 12 శాతం కూడా లేదు. జీడిమెట్ల వదిలి పాశమైలారం వెళ్ళడానికి, హాస్టల్ మారడానికి, కొత్త చోట కన్ఫర్మేషన్ దాకా భయంభయంగా ఉండడానికి ఇదీ నీకు ముట్టేది. మీ నాన్నగారికి ఈ రెండో లెక్క చూపించు, ఆయనే మళ్ళీ అడగమంటారు.

మిగతా డబ్బు ఎక్కడికి పోయిందంటే, వేరియబుల్ 54,000 ఏడాదికోసారి, అదీ కంపెనీ పెర్ఫార్మెన్స్, నీ రేటింగ్ చూసి. మధ్యలో మానేస్తే సున్నా. బస్సు క్యాంటీన్ పేరుతో ఏడాదికి 18,000 వేశారు, ఇప్పుడున్న కంపెనీలో బస్సు ఎలాగూ ఉంది కదా, అది నీ సీటీసీలో ఉందా? లేకపోతే ఉన్నదాన్నే కొత్తగా జీతంలా లెక్కేసి చూపిస్తున్నారన్నమాట. గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, బేసిక్‌లో 4.81 శాతం, అయిదేళ్ళు ఉంటే గానీ చేతికి రాదు. ఎంప్లాయర్ పీఎఫ్ మాత్రం నీ సొంతమే, దాన్ని తక్కువ చెయ్యకు.

బేసిక్ సగం పెట్టారు, అది మంచిదే. 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకొచ్చాక అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటినంత మేర వేతనంలోనే కలిపి లెక్కెయ్యాలి, అందుకే అందరూ బేసిక్ పెంచుతున్నారు. దానివల్ల నీకు ముందు ముందు గ్రాట్యుటీ పెరుగుతుంది.

నేనైతే సీటీసీ 6 చెయ్యండి అని అస్సలు అడగను. 6 చేసి ఆ పెంచిన 60 వేలూ వేరియబుల్‌లో పడేస్తే ఏం చేస్తావు? అడిగితే నెల గ్రాస్ (కోతలకి ముందు జీతం) ఎంత అని అడుగు. వేరియబుల్‌ని ఫిక్స్‌డ్‌లోకి మార్చమను. కంపెనీకి మొత్తం ఖర్చు అంతే ఉంటుంది, వాళ్ళ 30 శాతం పాలసీ కూడా చెడదు, అందుకని హెచ్ఆర్‌కి ఒప్పుకోవడం తేలిక.

ఇంకొకటి ఎవరూ అనలేదు. నీకు నాలుగేళ్ళ రెండు నెలలు అన్నావు. ఇంకో పది నెలలు ఉంటే ఇక్కడ గ్రాట్యుటీ వస్తుంది. ఇప్పుడు నీ బేసిక్ ఎంత?

తెల్లకోటు_2021:
15,000 అక్కా. బస్సు ఫ్రీ, సీటీసీలో లేదు, ఇప్పుడే లెటర్ తీసి చూశా.

పేరోల్_సుబ్బులు:
అయితే బేసిక్ మీదే లెక్కేసినా 15,000ని 26తో భాగించి, 15తో, అయిదేళ్ళతో గుణిస్తే 43,269. ఇప్పుడు వెళ్ళిపోతే అది వదులుకుంటున్నట్టే. దాని కోసం పది నెలలు ఆగమని చెప్పను, కానీ ఇది పట్టుకుని జాయినింగ్ బోనస్ అడగొచ్చు. ఊరికే బోనస్ ఇవ్వండి అంటే ఎందుకంటారు, నేను ఇంత పోగొట్టుకుని వస్తున్నాను అంటే కారణం కనపడుతుంది.

హాస్టల్_పప్పుచారు:
కొత్త కోడ్‌ల్లో ఏడాది చేస్తేనే గ్రాట్యుటీ వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది కదండీ? అలా అయితే తనకి ఇప్పుడే రావాలిగా.

పేరోల్_సుబ్బులు:
అది ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఫలానా తేదీ దాకా అని కాంట్రాక్ట్ రాసుకుని పెట్టుకున్నవాళ్ళకి. పర్మనెంట్ వాళ్ళకి అయిదేళ్ళే. ఆ ఫార్వర్డ్ నమ్మి రిజైన్ చేసి మా ఆఫీసుకి ఫోన్లు చేస్తున్నారు, ఏం చెప్పాలో తెలియట్లేదు.

పటాన్‌చెరు_పోరడు:
అక్క లెక్కలు మస్తు జెప్పింది. నేను ఒక్క ముచ్చట కలుపుత. షిఫ్టులెట్లున్నయో అడిగినవా? క్యూసీల కొన్ని కాడ జనరల్ షిఫ్ట్ అని తీస్కొని నెల తిరగంగనె ఏ, బీ, సీ రొటేషన్ల ఏస్తరు. రాత్రి సీ షిఫ్టుకు అలవెన్స్ ఎంతిస్తరు, ఆదివారం పిలిస్తే పైసలిస్తరా కాంప్-ఆఫ్ (బదులు సెలవు) ఇస్తరా, ఆ కాంప్-ఆఫ్ ఎన్ని రోజుల్ల వాడాలె, గివన్ని ఇప్పుడే అడుగు. నా దోస్తు ఒకడు జీతం నాలుగు వేలు ఎక్కువొస్తదని పోయిండు, ఆడ ఆడిట్ ఉందని మూడు ఆదివారాలు పిలిచిన్రు, కాంప్-ఆఫ్ వాడుకునేలోపు డేట్ అయిపాయె. బస్సు గూడ ఏ రూట్ల వస్తదో చూస్కో, బాచుపల్లి మీదికెళ్ళి వస్తదా మియాపూర్ మీదికెళ్ళి వస్తదా దాన్ని బట్టి పొద్దుగాల గంట నిద్ర తేడా.

ఒంగోలు_గిత్త:
సరే, ఈ లెక్క చూశాక నేనూ అడగమనే అంటా. 5.4 అనగానే 28 శాతం అనుకున్నా, చేతికి మూడున్నర వేలేనా!

మాజీ_హెచ్ఆర్_వైజాగ్:
సుబ్బులు గారు చెప్పిందే సరైన దారి. ఫోన్‌లో ఎలా మాట్లాడాలో కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది లెక్క కరెక్ట్‌గా పెట్టుకుని ఫోన్‌లో సార్ కొంచెం చూడండి సార్ అని బతిమాలతారు, హెచ్ఆర్ చూస్తానమ్మా అని పెట్టేస్తాడు, అయిపోయింది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక చెయ్యండి, పొద్దున జాయినింగులు ఉంటాయి, ఎవరూ సరిగ్గా వినరు. ముందు థాంక్స్ చెప్పండి, చేరాలనే ఉందని చెప్పండి. తర్వాత ఇలా: "సార్, సీటీసీ మీద నాకు పేచీ లేదు. బ్రేకప్ చూస్తే నాకు చేతికి మూడున్నర వేలే పెరుగుతోంది. వేరియబుల్‌లో ఉన్న 54,000 ఫిక్స్‌డ్‌లోకి మార్చగలరా? ఇక్కడ ఇంకో పది నెలలుంటే గ్రాట్యుటీ 43 వేలొస్తుంది, అది వదిలి వస్తున్నాను కాబట్టి జాయినింగ్ బోనస్ చూడండి. మీరు వెంటనే చెప్పక్కర్లేదు సార్, హెచ్ఓడీ సార్‌తో మాట్లాడి చెప్పండి, ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్లు నేను సొంతంగా రాస్తానని ఇంటర్వ్యూలో చెప్పడం కుదరలేదు, అది కూడా సార్‌కి చెప్పండి." ఇంతే. చెప్పాక ఆగిపోండి. అవతల మాట్లాడకపోతే మీరే కంగారుపడి పోనీ సగమైనా పర్లేదు సార్ అనకండి, మావాళ్ళు సగం బేరాలు గెలిచేది ఆ నాలుగు సెకన్ల మౌనంలోనే.

మాట్లాడిన వెంటనే అదే విషయం అయిదు లైన్లలో మెయిల్ పెట్టండి. హెచ్ఓడీకి ఫార్వర్డ్ చెయ్యడానికి అతనికి ఏదో ఒకటి ఉండాలి కదా. షిఫ్టుల సంగతి కూడా అందులోనే రాయండి, పోరడు చెప్పింది చిన్న విషయం కాదు.

తెల్లకోటు_2021:
అప్‌డేట్. నిన్న ఫోన్ చేశా, గొంతు వణికింది గానీ మొత్తం చెప్పేశా. సార్ అన్నట్టే అవతల కాసేపు ఏం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, చచ్చానురా అనుకున్నా. తర్వాత మెయిల్ పెట్టమన్నారు. ఇవాళ పొద్దున రిప్లై వచ్చింది. వేరియబుల్ మొత్తం తీసెయ్యడం కుదరదట, ఆ గ్రేడ్‌కి కొంత ఉండాలట, 54,000ని 24,000 చేసి మిగతా 30,000 స్పెషల్ అలవెన్స్‌లో కలిపారు. జాయినింగ్ బోనస్ 25,000, ఏడాదిలోపు మానేస్తే తిరిగివ్వాలి. బస్సు క్యాంటీన్ 1,500 మాత్రం తియ్యడం కుదరదన్నారు, అందరికీ ఉన్నదేనట. సీటీసీ అదే 5.4. అంటే నెలకి 36,118 వస్తుంది కదా అక్కా? షిఫ్టులు మూడూ ఉంటాయి, సీ షిఫ్ట్‌కి అలవెన్స్ వేరే ఇస్తారని రాశారు. నాన్నకి చూపిస్తే ఈసారి ఏమీ అనలేదు.

జాయినింగ్ 45 రోజులకి ఒప్పుకున్నారు. మా దగ్గర 60. ఆ 15 రోజులకి డబ్బు కట్టాలంటున్నారు, ఎంత కట్టాలి?

పేరోల్_సుబ్బులు:
36,118 కరెక్టే. వేరియబుల్ తగ్గించి ఫిక్స్‌డ్ చేయించడం అంత తేలిక కాదు, బాగా అడిగావు.

నోటీస్ రికవరీకి మీ ఇప్పటి కంపెనీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏ మాట ఉందో చూడు. బేసిక్ అని ఉంటే 15 రోజులకి 7,500, గ్రాస్ అని ఉంటే నీ గ్రాస్ 32,100 కాబట్టి 16,050. మీ హెచ్ఆర్ నోటితో ఏది చెప్పినా లెటర్‌లో ఉన్నదే లెక్క. ఎర్న్‌డ్ లీవులు మిగిలుంటే వాటిని నోటీస్‌లో సర్దుతారేమో కూడా అడుగు, కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. జాయినింగ్ బోనస్ మొదటి జీతంతో పడుతుంది, రికవరీ మాత్రం ఇక్కడి ఫైనల్ సెటిల్‌మెంట్‌లో ముందే కట్ అవుతుంది, మధ్యలో ఓ నెల చేతిలో డబ్బు ఉంచుకో. ఆ 25,000 తిరిగివ్వాల్సి వస్తే మొత్తమా, మిగిలిన నెలలకేనా అన్నది కూడా లెటర్‌లో రాయించు.

మాజీ_హెచ్ఆర్_వైజాగ్:
సంతకంతో ఆఫర్ లెటర్, బ్రేకప్ అనెక్చర్‌తో సహా మెయిల్‌కి వచ్చేదాకా రిజిగ్నేషన్ పెట్టొద్దు. ఈ మెయిల్ రిప్లై సరిపోదు. పెట్టాక మీ మేనేజర్ పిలిచి నీకూ పెంచిస్తాను ఉండమ్మా అంటాడు, తప్పకుండా అంటాడు, ఆడిట్ దగ్గర్లో ఉంటే ఇంకా తియ్యగా అంటాడు. ఎంత, ఏ నెల నుంచి అని లెటర్ ఇమ్మనండి. ఏప్రిల్‌లో చూద్దాం అంటే అది లేనట్టే. మానేసేటప్పుడు లాగ్‌బుక్కులు, పెండింగ్ ఓఓఎస్‌లు అన్నీ అప్పగించి సంతకాలు తీసుకోండి, రిలీవింగ్ లెటర్ ఆపడానికి వాళ్ళకి వంక దొరక్కూడదు.

తెల్లకోటు_2021:
అపాయింట్‌మెంట్ లెటర్ వెతికి తీశా, బేసిక్ అనే ఉంది. 7,500. ఆఫర్ లెటర్ రేపు పంపిస్తామన్నారు, రాగానే అనెక్చర్ ఇక్కడ పెడతా, సుబ్బులక్క ఒకసారి చూడాలి. అన్నా, ఆ బస్సు బాచుపల్లి మీంచే వస్తుందట, 5.50కి.

పటాన్‌చెరు_పోరడు:
5.50 అంటే ఆడ 5.40కే ఉండాలె చెల్లె, ఆ డ్రైవర్లు ఆగరు.